రెండు డబ్బాల చింతపిక్కలు

సాయినాథ్‌ని మొదటిసారి బావ అని పిలిచింది ఎవరో, ఎప్పుడు పిలిచారో నాకు బాగా గుర్తు. పిలిచింది రాజులమ్మ. పన్నెండేళ్ళ కిందట, ఇటుకల పండగ రోజుల్లో. ఆ పండక్కి కొండ మీది ఆడవాళ్ళు దారికడ్డంగా దుంగ వేసి, పాటలు పాడుతూ నిలబడతారు. వచ్చేపోయే వాళ్ళు ఎంతో కొంత ఇస్తేగాని దుంగ తియ్యరు. నేను బండి దిగకుండానే ఇరవై రూపాయలు చేతిలో పెట్టి వచ్చేశాను. నా వెనకే వచ్చిన సాయినాథ్ మాత్రం బండి దిగాడు. జేబులు రెండూ తిరగేసి చూపించాడు. వాళ్ళు వదల్లేదు. పాట మొదలుపెట్టి అతన్ని వరసలోకి లాగారు. అతనూ సిగ్గు లేకుండా నాలుగడుగులు వేశాడు.

"ఇంక సాల్లే బావా, బేగి ఎల్లు. నీ పెళ్ళాం సూసిందంటే ఇంట్లోకి రానివ్వదు" అంది రాజులమ్మ.

అంతా నవ్వారు. ఆ ఏటి నుంచి జామిపుట్టు సంతలో అతను అందరికీ బావ.

అతను నర్సీపట్నం నుంచి వచ్చి పదిహేనేళ్ళు. నేను చోడవరం నుంచి వచ్చి ఇరవై ఆరేళ్ళు. పదకొండేళ్ళు ముందున్నాను. కాటా దగ్గర ఒక్క గ్రాము అటూ ఇటూ చేసిన వాణ్ణి కాను. రాజులమ్మ కూతురికి పాము కరిస్తే పాడేరు దాకా నా బండిలోనే తీసుకెళ్ళాను. అయినా నన్ను ఇప్పటికీ సావుకారి అనే అంటారు. అందులో మర్యాద ఉంది, కాదనను. కానీ మర్యాద ఇచ్చేవాళ్ళు గడప బయటే నిలబడి మాట్లాడతారు. బావ దుకాణంలో అయితే బస్తాల మీద కూలబడి, అడక్కుండానే అతని బీడీ కట్టలోంచి బీడీ తీసుకుంటారు.

ఈ సంగతి ఒకసారి మా ఆవిడ మాధవితో అన్నాను.

"మీకు బీడీలు కాల్చే అలవాటు లేదు కదండీ" అంది.

ఆవిడకి అర్థమయ్యే ఆ మాట అందని నాకూ అర్థమైంది.

జామిపుట్టు ముంచింగిపుట్టు వైపున్న చిన్న ఊరు. గురువారం గురువారం సంత. సంత మైదానం పొడుగ్గా ఉంటుంది, దానికి రెండు కొసలు. ఒక కొసన తారురోడ్డు, జీపులు, ఆటోలు. నా దుకాణం అక్కడ. రెండో కొసన కొండదారి దిగుతుంది. పైనున్న పదకొండు గూడేల వాళ్ళు కావళ్ళు భుజాన వేసుకుని, గంపలు నెత్తిన పెట్టుకుని ఆ దారినే వస్తారు. పసుపు, మిరియాలు, చింతపండు, అల్లం, రాజ్‌మా, చీపుళ్ళు. సాయినాథ్ దుకాణం ఆ కొసన. నా గడప నుంచి అతని గడపకి మూడు వందల నలభై అంగలు. ఇద్దరివీ అద్దె గదులే. ఏజెన్సీలో గిరిజనులు కాని మాలాంటి వాళ్ళకి భూమి కొనే హక్కు లేదు. కాబట్టి ఇక్కడ మాకున్న ఆస్తి అంతా, దుకాణం ముందు నుంచి ఎంతమంది నడుస్తారన్నదే.

సాయినాథ్ తన దుకాణం ముందు పంగలకర్రలు పాతి, వాటి మీద రెండు వెదుళ్ళు పక్కపక్కన కట్టాడు. కొండ దిగిన వాళ్ళు కావడి బద్దనో నెత్తి మీది గంపనో వాటి మీద ఆనించి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అతనితో కబుర్లాడేవారు. దాన్ని బావకర్ర అనేవారు. నేను గురువారం పొద్దున్నే నా అరుగు మీద నిలబడి అంత దూరం నుంచీ అదే చూసేవాణ్ణి. ఆ కబుర్లేమిటో వినపడేవి కాదు. నవ్వులు మాత్రం వినపడేవి.

రెండేళ్ళ కిందట వానలకి ముందు పంచాయతీకి కేంద్రం నుంచి గ్రాంటు వచ్చింది. ముప్పై రెండు లక్షలు, రెండు విడతలు. ఊరి అభివృద్ధికి ఏది అవసరమో ఊరే గ్రామసభలో తీర్మానించి పంపాలి. సర్పంచి ఫల్గుణ కుర్రవాడు, డిగ్రీ చదివాడు, తొందర ఎక్కువ, మనసు మంచిది. సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు కీర్తి అని ఒక అమ్మాయి. టేపు పట్టుకుని ఏ పనికైనా తనే కొలతలు తీసేది.

మొదటి గ్రామసభ నాలుగు గంటలు జరిగింది. ఎవరికి కావలసింది వాళ్ళు అడిగారు. ఒకరు చర్చికి దారి అన్నారు, ఒకరు బడికి ప్రహరీ అన్నారు, ఒకరు గూడెంలో సిమెంటు రోడ్డు అన్నారు. చివరికి రెండు నిలిచాయి. సంతకి ఒక పెద్ద షెడ్డు. కొండ మీద ఊట నుంచి పైపు వేసి ఊరికీ, కింద రెండు గూడేలకీ కుళాయి నీళ్ళు. పైపుకి సర్వే కావాలి, ఆలస్యమవుతుంది. కాబట్టి మొదటి విడతలో షెడ్డు, రెండో విడతలో నీళ్ళు అని తీర్మానం.

షెడ్డు ఎక్కడ అన్నది మాత్రం వచ్చే సభకి వాయిదా పడింది.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. షెడ్డు కొండ కొసన పడితే ఏమవుతుందో కళ్ళకి కట్టినట్టు కనపడింది. వానొచ్చినా ఎండొచ్చినా సంతంతా బావ దుకాణం ముందే. ఇప్పటికే సగం అక్కడుంది. మిగతా సగమూ పోతే నా గల్లాపెట్టె మీద నేను కూర్చుని ఈగలు తోలుకోవాలి. షెడ్డు నా కొసన పడితే మొత్తం తిరగబడుతుంది. ఎవరి నవ్వులు ఎవరికి వినపడతాయో చూద్దాం అనుకున్నాను.

నాలాంటి వాడు గ్రామసభలో లేచి, నా దుకాణం ముందు కట్టండి అంటే నవ్వుతారు. అది గిరిజనుల సభ, నేను వెనక వరసలో నిలబడే వాణ్ణి. కానీ లెక్కకి కులం లేదు, తెగ లేదు. లెక్క చెబితే ఎవరైనా వింటారు.

రెండు ఖాళీ బిస్కెట్ డబ్బాలు తీసుకున్నాను. ఒక సంచిలో చింతపిక్కలు పోసుకున్నాను. మూడు గురువారాలు తెల్లవారుజామునే మైదానం మధ్యలో గొడుగు వేసుకుని కూర్చున్నాను. రోడ్డు వైపు నుంచి ఒక మనిషి వస్తే ఒక పిక్క ఎడమ డబ్బాలో, కొండ వైపు నుంచి వస్తే కుడి డబ్బాలో. జీపు ఆగితే లెక్కపెట్టుకుని పద్నాలుగు పిక్కలు ఒక్కసారే వేసేవాణ్ణి. దాహమేసినా లేవలేదు. రెండో గురువారం సాయినాథ్ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"ఏటి అన్నయ్యా, ఏటి సేత్తన్నావు?"

"చూస్తున్నావుగా. పిక్కలు ఆడుతున్నాను."

"ఒక్కడివే ఆడుతున్నావేటి? నానూ కూకుంటా" అని నవ్వి, టీ అక్కడ పెట్టి వెళ్ళిపోయాడు. ఆ టీ తాగలేదు. చల్లారిపోయాక పారబోశాను.

సభలో లేచి చెప్పాను. మూడు సంతలు కలిపి రోడ్డు వైపు నుంచి రెండు వేల నూట అరవై మంది. కొండ వైపు నుంచి తొమ్మిది వందల ఎనభై. "ప్రభుత్వం సొమ్ము ఎక్కువమందికి పనికిరావాలి. నా దుకాణం ఎక్కడుందో మర్చిపోండి. ఈ డబ్బాలు చూడండి" అని రెండూ ఫల్గుణ ముందు బల్ల మీద పెట్టాను. ఎడమ డబ్బా నిండుగా ఉంది. కుడి డబ్బా సగానికి కూడా లేదు. ఫల్గుణ రెండింటినీ ఊపి చూశాడు. కీర్తి అంకెలు రాసుకుంది.

నేను సాయినాథ్ వైపు చూశాను. లేచి ఏదైనా అంటాడేమో, అంటే ఏం చెప్పాలో నాలుగు జవాబులు సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఎక్కడ కడితేనేటి? ఊర్లోనే గదా ఉంతాది" అన్నాడు.

ఆ మాటకి కూడా అందరూ తలలూపారు. గెలిచింది నేను, తలలూపింది అతనికి. ఇంటికొచ్చి మాధవికి చెబితే, "మరి గెలిచారుగా, ఇంకేం కావాలండీ?" అంది.

షెడ్డు నాలుగు నెలల్లో లేచింది. ఇనుప స్తంభాలు, నీలం రేకులు, రెండడుగుల ఎత్తు గచ్చు, గచ్చు మీద ఎర్రరంగుతో నంబర్లు. అరవై మంది కూర్చోవచ్చు. నా అరుగు నుంచి పద్దెనిమిది అంగలు. నేను దుకాణానికి రంగు వేయించాను, కొత్త కాటా కొన్నాను, అరుగు మీద మంచినీళ్ళ కుండ పెట్టించాను.

మొదటి గురువారం తెల్లవారింది. జీపులు వచ్చాయి, బట్టల వాళ్ళు, ప్లాస్టిక్ బిందెల వాళ్ళు, ఎండుచేపల వాళ్ళు దిగారు. కొనేవాళ్ళూ దిగారు. షెడ్డు కింద నుంచి నడిచారు, రేకుల వంక తలెత్తి చూశారు, అటే నడుచుకుంటూ కొండ కొసకి వెళ్ళిపోయారు. పసుపు అక్కడుంది, అల్లం అక్కడుంది, మిరియాలు అక్కడున్నాయి. వాటిని తెచ్చినవాళ్ళు ఎప్పటిలాగే నేల మీద, ఎండలో, బావ దుకాణం ముందు కూర్చున్నారు. బట్టల వాళ్ళు కూడా పది గంటలకి మూటలు కట్టుకుని జనం ఉన్న చోటికి పోయారు. నా షెడ్డులో మిగిలింది నాలుగు మేకలు. నంబరు పన్నెండులో ఒక కుక్క.

కొత్త కదా అనుకున్నాను. రెండో గురువారం, మూడో గురువారం, పదో గురువారం అంతే. ఒకరోజు వాన కూడా పడింది. ఇంక రాక తప్పదని గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళు గంపల మీద అడ్డాకులు కప్పి, తాము తడుస్తూ అక్కడే కూర్చున్నారు. కొందరు బావ చూరు కింద నిలబడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక మనిషి కోసం ఇంతమంది వానలో తడుస్తారా? ఏం మందు పెట్టాడు వీళ్ళకి?

జనవరిలో ఫల్గుణ, కీర్తి ఇద్దరూ మా దుకాణానికి వచ్చారు. కీర్తి మొహం వాడిపోయి ఉంది.

"రెండో విడత రావాలంటే మొదటి విడతతో కట్టింది వాడకంలో ఉన్నట్టు పత్రం పంపాలి సార్. సంత రోజు ఫొటోలు ఉండాలి. ఫొటో మీద తేదీ, టైము, స్థలం అన్నీ అవే పడతాయి. మార్చి దాటితే గ్రాంటు వెనక్కి పోతుంది" అంది.

"అంటే నీళ్ళ పైపు?"

"పైపు లేనట్టే."

ఫల్గుణ గొంతు తగ్గించాడు. "దానికేటండి, ఒక గంట ముప్పై మందిని తెచ్చి కూకోబెడదాం. ఫొటో తీసేసి ఎల్లిపోమందాం. కీర్తి గారూ, మీరు అటు తిరిగి ఉండండి."

"సరుకు నిజంగా అమ్ముడవుతుంటేనే తీస్తాను" అంది కీర్తి. కానీ ఫల్గుణ వినలేదు. నేనూ వినలేదు. ఇద్దరం కలిసి ఆ గురువారం రాజులమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ పై గూడేల ఆడవాళ్ళందరికీ పెద్ద. ఆవిడ కదిలితే అందరూ కదులుతారు. నేల మీద పసుపు కొమ్ముల గంప ముందు కూర్చుని ఉంది.

"రాజులమ్మా, ఒక్క గంట ఆ గంప షెడ్డులో పెట్టు. నేనే మోయిస్తాను" అన్నాను.

"దించేశాను గదా సావుకారి."

"దించితే ఏమైంది? మళ్ళీ ఎత్తుకోవచ్చు."

ఆవిడ నా వంక వింతగా చూసింది. పక్కనే కావడి దించుకున్న బుధు అనే ముసలాయన ముసిముసిగా నవ్వాడు.

"పాతికేళ్ళయింది సావుకారి మా సంతకొచ్చి" అన్నాడు బుధు. "ఇదే తెల్దేటి?"

"ఏది?"

రాజులమ్మ చెప్పింది. సంతలో ఒకసారి నేలకి దించిన బరువు అమ్ముడవకుండా మళ్ళీ ఎత్తరట. ఎంతకో కొంతకి అక్కడే అమ్మాలి, లేదా అక్కడే ఎవరికైనా ఇచ్చి పోవాలి.

"ఎందుకలాగ?"

"మా తాతల నాడు సంతకి నీలాటోళ్ళు వచ్చేవారంట. ఇక్కడ దించు, ధర సెప్తాను అనేవోడంట ఒకడు. దించాక ధర కుదరదు. అక్కడ దించు అనేవోడంట ఇంకొకడు. ఎత్తడం దించడం, ఎత్తడం దించడం. పొద్దుగూకేసరికి నడుములు ఇరిగిపోయి, ఎంతిస్తే అంతకి పారేసి పోయేవారంట. అప్పుడు పెద్దలంతా కూకుని కట్టుబాటు పెట్టారు. బరువు మనిసి దగ్గిరికి నడవకూడదు, కొనే మనిసే బరువు దగ్గిరికి నడవాల. దించిన కాడే బేరం." ఆవిడ కొండదారి వైపు చెయ్యి చూపింది. "తొమ్మిది మైళ్ళు దిగొస్తాం. మెడ దిగిపోతాది. ఈడే నేల తగుల్తాది, ఈడే దించుతాం. నీ రేకులు మంచియ్యే, కాదన్ను. వానలో తడవడం నాకు సరదానా? కానీ అంత దూరం ఆగకుండా రాలేం. ఆగితే దించాల. దించితే అమ్మాల."

"ఫొటో కోసం ఒక్కసారికి... లేకపోతే కింది గూడేలకి నీళ్ళ పైపు రాదు."

"కింది గూడేలకి నీళ్ళు కావాల, నీ కట్టుబాటు ఇరిచేయి అంటే ఎలాగ సావుకారీ?" అంది. కోపంగా అనలేదు.

తిరిగి నడుస్తుంటే నా తప్పేమిటో తెలిసింది. నేను తలకాయలు లెక్కపెట్టాను. జీపు దిగిన పద్నాలుగు మందికి పద్నాలుగు పిక్కలు వేశాను. మణుగుల కొద్దీ పసుపు కావడి మోసుకొచ్చిన బుధుకి ఒక్క పిక్క. పైగా ఆ పద్నాలుగు మంది వచ్చిందే బుధు పసుపు కోసం. పాతికేళ్ళు కాటా ముందు కూర్చున్నవాణ్ణి, బరువు వదిలేసి తలలు తూచాను. వ్యాపారం మొదలుపెట్టిన మొదటి నెలలో కూడా అలాంటి పొరపాటు చెయ్యలేదు. కళ్ళెదురుగా ఎప్పుడూ ఆ బావ నవ్వే కనపడుతుంటే ఇంకేం కనపడుతుంది?

ఇంకొకటి కూడా తెలిసింది. కావళ్ళు ఆనించి నిలబడేవాళ్ళు అతని మీద ప్రేమతో నిలబడలేదు. వెదురు మీద ఆనితే నేల తగలదు. దించినట్టు కాదు. ఊపిరి తీసుకుని, ఎక్కడ కూర్చోవాలో చూసుకుని, తర్వాత దించుతారు. ఇన్నేళ్ళుగా నేను కుళ్ళింది రెండు వెదుళ్ళ మీద. ఇది తెలిసి మనసు తేలికపడాలి. పడలేదు. అతనికి ఆ సంగతి ఎలా తెలిసింది, నాకెందుకు తెలియలేదు అని కొత్త బాధ పట్టుకుంది.

వెదుళ్ళు నేనూ కట్టగలను. కొండ కొస నుంచి షెడ్డు దాకా అరవై అంగలకొకటి కడితే, ఆనించుకుంటూ ఆనించుకుంటూ రావచ్చు. కానీ ఎంత ఎత్తున కట్టాలి? కావడికి ఒక ఎత్తు, నెత్తి మీద గంపకి ఒక ఎత్తు. తేడా వస్తే బద్ద జారి సరుకు నేలపాలవుతుంది. నేల తగిలిందంటే అక్కడే బేరం. తప్పు మళ్ళీ చెయ్యడానికి టైము లేదు. కొలత తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే.

మూడు రోజులు నాతో నేను బేరమాడాను. ఊరుకుంటే ఏం పోతుంది? నీళ్ళు రావు. నా ఇంట్లో బోరుంది, నాకు నష్టం లేదు. షెడ్డు ఎలాగూ ఖాళీయే. అతని గుమ్మంలోకి అడగడానికి వెళ్ళడం మాత్రం తప్పుతుంది. ఈ లెక్క మాధవికి చెప్పాను.

"కింది గూడెంలో ఇచ్చిన రాజులమ్మ కూతురు ఊట దగ్గర్నుంచి నీళ్ళు మోసుకొస్తూనే కదండీ పాము కరిపించుకుంది" అంది, కూర తరుగుతూ.

ఆదివారం మధ్యాహ్నం మూడు వందల నలభై అంగలు నడిచాను. సాయినాథ్ ఒక్కడే కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"రా అన్నయ్యా. ఇన్నాళ్ళకి తోవ తెలిసిందేటి?"

"నీకు ముందే తెలుసా? షెడ్డు అక్కడ కడితే ఎవరూ రారని?"

అతను తడుముకోలేదు. "తెలుసు."

"మరి సభలో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు పిక్కలు లెక్కెట్టి డబ్బాలు అట్టుకొచ్చావు. నాను లేచి కాదంటే, నా దుకాణం కోసం అంటన్నానని నువ్వే అందువు." ఒక గింజ తీసి పళ్ళెంలో వేశాడు. "అదీగాక, నాను కూడా యాపారమే గదా సేత్తన్నాను. షెడ్డు అటు పోతే జనం ఇటే ఉంతారు. నోరు మూసుకున్నాను. నిన్ను తప్పించి ఎవుడికీ సెప్పను ఈ మాట."

మొదటిసారి అతని మీద నాకు కాస్త ఇష్టం కలిగింది. పాటలు పాడే బావ కాదు, నాలాంటి వాడే.

"బావకర్ర కొలత కావాలి" అన్నాను.

అతను పళ్ళెం పక్కన పెట్టాడు. దుకాణం ముందు మైదానాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా చూశాడు. ఎన్ని కర్రలు పడతాయో, తన ముందు నుంచి ఎంతమంది కదిలిపోతారో అతను లెక్క వేస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. నేనైతే చెప్పేవాణ్ణి కాదు.

"కావడికి మనిసి భుజం కంటే నాలుగు వేళ్ళు దిగువ" అన్నాడు చివరికి. "మోకాలు కొంచెం వంచితే బద్ద దానంతటదే కూకుంతాది. సమానంగా కట్టేవనుకో, ఎత్తాల్సి వత్తాది, అలిసినోడు ఎత్తలేడు. గంపకి ఆడమనిసి కళ్ళ ఎత్తు. రెండు వెదుళ్ళ మధ్య జానెడు సందు. పొట్టోళ్ళకి పక్కన ఒక రాయి ఎయ్యి, ఎక్కుతారు. రాజులమ్మనీ బుధునీ నిలబెట్టి కొలుసుకో, మిగతావోళ్ళంతా ఆళ్ళ మజ్జే ఉంతారు."

"ఎందుకు చెబుతున్నావు?"

"నీళ్ళు నాకొద్దా? ఊట ఎటేపుంది? ఇటేపు. పైపు ఎటేపు దిగుతాది? ఇటేపే. మొదటి కుళాయి ఎక్కడెడతారు?" అని తన గుమ్మం పక్కన నేల మీద కాలితో గీత గీశాడు. "కప్పు నీ కాడ. కుళాయి నా కాడ. దాహమేత్తే రారేటి?"

కుళాయి గురించి నేను ఆలోచించనే లేదు. ఇంటికి తిరిగి నడుస్తున్న మూడు వందల నలభై అంగలూ ఆ కుళాయి గురించే ఆలోచించాను.

బుధు వెదుళ్ళు కొట్టి తెచ్చాడు. ఐదు కర్రలు పాతాం. రాజులమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని ఒక్కో దాని దగ్గర నిలబడి, "ఇంకొంచెం దించు", "ఇంకొంచెం", "నన్ను మరుగుజ్జుని సేసేత్తావేటి సావుకారీ" అంటూ సరిచేయించింది. ఆఖరి కర్ర గచ్చుకి ఆనించి కట్టాం. అక్కడి నుంచి బరువు నేల తగలకుండా నేరుగా గచ్చు మీదికి జరపొచ్చు.

ఫిబ్రవరి ఆఖరి గురువారం. నేను ఐదు గంటలకే అరుగు మీద నిలబడ్డాను. మంచు మూసుకుని ఉంది, కొండ కొస కనపడటం లేదు. చాలాసేపు ఎవరూ రాలేదు. పోయింది అనుకున్నాను. తర్వాత మంచులోంచి మొదటి కర్ర దగ్గర ఒక ఆకారం ఆగింది. ఆగి, కదిలింది. రెండో కర్ర దగ్గర ఆగింది. వెనకే ఇంకొకటి. రాజులమ్మ, ఆవిడ వెనక బుధు, ఆ వెనక వరసగా పై గూడేల వాళ్ళు. ఐదో కర్ర దగ్గర రాజులమ్మ గంపని గచ్చు మీదికి జరిపి, నంబరు పన్నెండులో కూర్చున్న కుక్కని అదిలించి, ఆ చోట చతికిలబడింది.

"కప్పు బాగుంది" అంది పైకి చూసి.

కీర్తి తొమ్మిది గంటలకి వచ్చి ఫొటోలు తీసింది. నిజంగా కాటా తూగుతుండగా, నిజంగా డబ్బులు చేతులు మారుతుండగా తీసింది. అన్ని ఫొటోల్లో వెనకాల నా దుకాణం బోర్డు పడింది. ఫల్గుణ ఆ అమ్మాయి కంటే ఎక్కువ సంబరపడ్డాడు. పత్రం మార్చి పదో తారీఖున వెళ్ళింది. రెండో విడత జూన్‌లో వచ్చింది. కుళాయి దసరా వెళ్ళాక వచ్చింది, సాయినాథ్ కాలితో గీత గీసిన చోటికి రెండు జానల దూరంలో.

నా వ్యాపారం పెరిగింది. ఎంత పెరిగిందో చెప్పను. కొండ కొసన ఇప్పుడు సగం కూడా కూర్చోరు. అయినా దాహం వేసినవాళ్ళు అటు వెళ్ళొస్తారు. నా అరుగు మీది కుండ వాళ్ళకి కనపడదు. పండగ ముందు ఒక గురువారం మళ్ళీ రెండు డబ్బాలూ తీశాను. కుళాయికి ఎంతమంది వెళుతున్నారో చూద్దామని. వంద దాటాక మానేశాను.

ఇక ఆ కర్రల సంగతి. ఐదూ నేను కట్టించినవి. కొట్టించింది నేను, పాతించింది నేను, వానకి ఒకటి విరిగితే మార్పించింది నేను. ఒకటో బావకర్ర, రెండో బావకర్ర, ఐదో బావకర్ర అంటారు జనం. మొదట్లో సరిదిద్దేవాణ్ణి. "అది నేను కట్టించింది" అంటే, "అవును సావుకారీ, నువ్వే కట్టించావు. బాగా కట్టించావు బావకర్ర" అనేవారు.

పోయిన గురువారం ఒడిశా వైపు నుంచి ఒక కొత్త మనిషి అల్లం కావడితో వచ్చాడు. మైదానం మధ్యలో దారి తెలియక నిలబడ్డాడు. కావడి ఒక పక్కకి ఒరిగింది, ఇంకో క్షణం ఉంటే అక్కడే నేలకి దించేసేవాడు. నేను అరుగు మీద నుంచి లేచి గట్టిగా అరిచాను.

"దించకు, దించకు! ఎడం పక్క చూడు, బావకర్ర ఉంది. దాని మీద ఆనించు!"

అతను ఆనించాడు. లోపల మాధవి తూకంరాళ్ళు సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. కొత్త మనిషి అల్లం ఎలా ఉందో చూడటానికి అరుగు దిగి, అతని దగ్గరికి నడిచాను.